బోర్లించిన డబ్బా

ఏప్రిల్ రెండో వారంలో లీవ దగ్గర్నుంచి కార్డు వచ్చినప్పుడు నేను వంటింట్లో చేప పొలుసు తీస్తున్నాను. చేతులు తుడుచుకోకుండానే చదివాను. ఆ కార్డు మీద పొలుసు మరక ఇప్పటికీ ఉంది.

లీవ మా మరిది లయొనెల్ భార్య. బెల్జియం మనిషి. పదకొండేళ్ళుగా ఇద్దరూ ఆవిడ ఊరు నివ్‌పోర్ట్‌లోనే ఉంటున్నారు. ఆ పదకొండేళ్ళూ మా ఆయన క్లెమ్‌కీ, తమ్ముడికీ మాటల్లేవు. కార్డులో ఉన్నది ఆరు వాక్యాలు. లయొనెల్‌కి గొంతులో పుండు, మంచిది కాదు. జూలై ఇరవై ఒకటిన స్వరపేటిక తీసేస్తారు. ప్రాణానికి భయం లేదంటున్నారు, కానీ ఆ తర్వాత మాట ఉండదు. అన్నదమ్ములు ఏదైనా మాట్లాడుకోవాలంటే ఆలోపే. చివర్న లయొనెల్ తన కోడిగీతల్లో సొంతంగా ఒక ముక్క చేర్చాడు: "వస్తే నాన్న పడవలో రమ్మను. గదిలో ఎదురుబొదురు కూర్చుని వాడి మొహం చూడటం నా వల్ల కాదు."

క్లెమ్ నిలబడే రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ట్యాంకు," అన్నాడు.

"ఏం ట్యాంకు? తమ్ముడి గొంతు పోతోందని రాస్తే ట్యాంకంటావేంటి?"

"డోర్కస్ ట్యాంకు. నాన్న ఉన్నప్పట్నుంచీ అందులో ఎర్రదే పోస్తున్నాం. అదేసుకుని బెల్జియం ఎలా వెళ్తాం?"

డోర్కస్ మా మామగారు తన చేత్తో కట్టిన పడవ. టోల్‌బరీ రేవులో మా ఇంటి కిటికీలోంచి చూస్తే కనబడుతుంది. ఈ ఎర్రదాని సంగతి ఒక్కమాటలో చెప్పేస్తాను. మా దేశంలో ట్రాక్టర్లకీ పడవలకీ అమ్మే డీజిల్లో ఎర్ర రంగు కలుపుతారు, దాని మీద పన్ను తక్కువ. ఆ డీజిల్ రోడ్డు మీద తిరిగే వ్యానులో దొరికితే నేరం. పడవలో పోసుకుంటే ఇక్కడ తప్పు లేదు. కానీ అదే పడవ సముద్రం దాటి బెల్జియంలో ఆగిందంటే, చేపలు పట్టే పడవ కాకుండా మాలాంటి షికారు పడవైతే, అక్కడ ఆ రంగే నేరం. వాళ్ళు ట్యాంకులో గొట్టం పెట్టి మరీ చూస్తారు.

క్లెమ్‌కి ఇవన్నీ నోటికొచ్చు. ముప్ఫై ఏళ్ళు అతని ఉద్యోగం అదే. కస్టమ్స్‌లో రోడ్డు పక్కన నిలబడి, లారీలూ వ్యానులూ ఆపి, ట్యాంకుల్లో గొట్టం పెట్టి రంగు చూడటం. నిప్పులాంటి మనిషని పేరు. పదకొండేళ్ళ కిందట ఓ ఫిబ్రవరి మంచులో అతను ఆపిన వ్యాను లయొనెల్‌ది. నేను బడి వంటశాలలో వండిన భోజనాలు నాలుగు పల్లె బడులకి చేరవేసే వ్యాను అది. పక్కనున్న ఆఫీసరుకి అప్పగించి క్లెమ్ తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. తమ్ముణ్ణి వదిలేశాడంటారని తనే గొట్టం పెట్టాడు. ఎరుపు. వ్యాను పట్టుకుపోయారు, బడుల పని పోయింది, ఈస్టరు నాటికి లయొనెల్, లీవ ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయారు.

"వెళ్తాను ఏవిస్," అన్నాడు క్లెమ్. "వెళ్ళనని కాదు. కానీ ఒక్క చుక్క ఎరుపుతో కూడా వాడి ముందు నిలబడను."

"సరే," అన్నాను, "కడుగుదాం."

మే నెలంతా కడిగాం. ఇంజను గదిలో ట్యాంకు మీదున్న కంతలోంచి క్లెమ్ బొజ్జ పట్టదు, అందుకని దిగింది నేను. ఇరవై ఏళ్ళు బడి వంటశాలలో గంగాళాల్లోకి తల దూర్చి తోమినదాన్ని, ట్యాంకు ఒక లెక్కా అనుకున్నాను. అడుగున నాలుగు వేళ్ళ మందాన మడ్డి. గుడ్డలు పెట్టి, గరిటె పెట్టి, చివరికి నా పాత రొట్టెపిండి గీకే బద్దతో గోకి తీశాను. తర్వాత రంగు కలపని తెల్ల డీజిల్ పోసి కడిగి తోడటం, మళ్ళీ పోయడం. ప్రతిసారీ తోడినదాంట్లోంచి కొంచెం జాము సీసాలో పట్టి, తేదీ రాసి, వంటింటి కిటికీలో పెట్టేవాడు క్లెమ్. మొదటి సీసా చెర్రీ రసంలా ఉంది. రెండోది కాస్త నయం. మూడోది గులాబి. నాలుగోది చూసి నేను తెల్లబడిందన్నాను.

"గులాబే," అన్నాడు క్లెమ్.

"నీ కళ్ళకి అన్నీ గులాబే."

"నా కళ్ళకి జీతమిచ్చారు ముప్ఫై ఏళ్ళు. పాత ట్యాంకు, ఇనుములోకి ఇంకిపోయింది. ఇంకోసారి."

రేవులో అమ్మేది ఎర్రదే. తెల్లది కావాలంటే తొమ్మిది మైళ్ళ దూరంలో రోడ్డు బంకుకి వెళ్ళి డబ్బాల్లో తెచ్చుకోవాలి. వారానికి మూడుసార్లు కారు వెనక ఆరేసి డబ్బాలు. బంకులో అమ్మాయికి అనుమానమొచ్చింది.

"ఏం చేస్తున్నారండీ ఇంత డీజిల్?"

"మా మామగారి పడవకి తలంటు పోస్తున్నాం," అన్నాను.

ఆ నెల్లోనే ఒక రోజు పెర్స్ ఇంజను ఆగిపోయి తెడ్డు వేసుకుంటూ మా పడవ పక్కకొచ్చి ఆనాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, పీతలు పట్టి అమ్ముకుంటాడు, మా పక్క లంగరే.

"క్లెమూ, ఓ డబ్బా పడెయ్. నా పీతలు ఎండలో ప్రాణాలొదిలేస్తున్నాయి."

"ఇది తెల్లది పెర్స్. రోడ్డు మీద కొన్నది."

"పాలైనా పర్లేదు, నా ఇంజను తాగుద్ది. ఏం అమ్మాయ్, మీ ఆయనకి వయసొచ్చేకొద్దీ డాబు ఎక్కువైందేంటి?"

క్లెమ్ డబ్బా అందించాడు. మా రేవులో డీజిల్ అడిగితే లేదనే ఆచారం లేదు. తీసుకున్నవాడు దాన్ని తిరిగిస్తున్నానని చెప్పే ఆచారమూ లేదు. చెప్పాడంటే నిన్ను లెక్కలు చూసుకునే మనిషి కింద జమకట్టినట్టు. నువ్వు లేనప్పుడొచ్చి, నీ ట్యాంకులో పోసేసి, ఖాళీ డబ్బా ట్యాంకు మూత పక్కన బోర్లించి పోతాడు. నువ్వు చూస్తావు, డబ్బా లోపల పెట్టుకుంటావు. అంతటితో సరి. చుట్టుపక్కల పొలాల్లోనూ ఇదే పద్ధతి.

జూన్ పదో తేదీన ఆరో సీసా వచ్చింది. గడ్డి రంగు. క్లెమ్ అటక మీంచి తన పాత సామాను దించి, వంటింటి బల్ల మీద గుడ్డ పరిచి, గాజు గొట్టంలో పోసి, ఇంకేదో మందు చుక్కలేసి, వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు. నేను బఠానీలు ఒలుస్తూ కూర్చున్నాను.

"తెలుపు," అన్నాడు చివరికి. అతని భుజాలు ఒక్కసారి దిగాయి.

ఆ గాజు గొట్టం అతని చేతిలో చూసేసరికి, ఇన్నాళ్ళూ మింగి ఊరుకున్న ప్రశ్న నా నోట్లోంచి వచ్చేసింది.

"ఆ రోజు లయొనెల్ ఏమన్నాడు?"

"ఏదో అన్నాడు. దొరికినవాడు ఏదో ఒకటి అంటాడు."

"ఆ ఏదో ఏంటి?"

అతను గొట్టం తుడిచి పెట్టెలో పెట్టాడు. "మంచులో డీజిల్ అయిపోయి ఆగిపోతే టారంట్‌కి ఓ డబ్బా అరువిచ్చాట్ట. నీకు తెలుసుగా, పై పొలం టారంట్. మర్నాడు వాడొచ్చి తిరిగి పోసేసి వెళ్ళాట్ట. పొలం డీజిల్ పోశాడన్నమాట."

"నిజమేమో."

"ఏవిస్, నాకు ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది పక్కింటివాళ్ళ కథలు చెప్పారో తెలుసా? ఒకడు వాళ్ళత్తగారు పోసిందన్నాడు. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్ళు."

"రిపోర్టులో రాశావా, లయొనెల్ అన్నది?"

అతను పెట్టె మూతేశాడు. నేను బఠానీలు ఒలవడం ఆపాను.

"సంజాయిషీ ఏమీ ఇవ్వలేదని రాశాను," అన్నాడు. "నమ్మేలా లేనప్పుడు అలాగే రాసేవాళ్ళం. అందరం."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బఠానీల గిన్నె అతని నెత్తిన బోర్లించాలనిపించింది. కానీ ఈ ప్రశ్న అడగడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. రోజూ పొద్దున్నే ఎనిమిదింటికి నా వంటశాల గుమ్మంలో నిలబడి, వదినా ఇవాళ ఏం కూర అని అడిగిన మనిషి గురించి నేనూ ఒక్కమాట అడగలేదు. అడిగితే నా కాపురం ఏమవుతుందోనని భయపడ్డాను. పిరికిదాన్ని. ఆ మాట ఇప్పుడు రాయడానికి నాకు సిగ్గు లేదు, అప్పుడు ఉంది.

"జూలైలో అది కూడా చెబుదువుగాని అతనికి," అన్నాను. "గొంతుండగానే."

జూలై పదిన బయల్దేరాలనుకున్నాం. తొమ్మిదిన ఈశాన్యం గాలి మొదలై వారం రోజులు పట్టు వదల్లేదు. డోర్కస్ గంటకి ఐదు మైళ్ళు పోయే పడవ, ఎదురుగాలిలో పోతే వెనక్కే నడుస్తుంది. క్లెమ్ రోజుకి నాలుగుసార్లు రేవు గోడ మీదకెళ్ళి నిలబడి వచ్చేవాడు. పద్నాలుగున లీవ ఫోను చేసింది. లయొనెల్ గొంతు అప్పుడే బొంగురుపోతోందట, డాక్టర్లు మాట్లాడొద్దన్నారట, ఈయన వినటం లేదట.

"రైల్లో వెళ్దాం పద," అన్నాను క్లెమ్‌తో. "గదిలో కూర్చోనంటే వీధిలో కూర్చోమను."

"పడవలో రమ్మన్నాడు. ఇంతకాలానికి వాడు నన్నడిగింది అదొక్కటే."

లేచి రేడియో పెట్టాను. శుక్రవారానికి గాలి మళ్ళుతుందని రేడియో చెప్పింది. బుధవారం మధ్యాహ్నం క్లెమ్ ఆఖరిసారి ట్యాంకు పరీక్షించి, తెలుపేనని తేల్చి, మూత పక్కన చెక్క మీద పెన్సిలుతో తేదీ రాసి సంతకం పెట్టాడు. అతని పడవ మీద అతని సంతకమే. నేను నవ్వితే, నవ్వుకో అన్నాడు.

గురువారం నేను రొట్టెలు, జున్ను, ఉడకబెట్టిన గుడ్లు, టీ సీసాలు మోసుకుంటూ మూడుసార్లు పడవెక్కి దిగాను. రెండోసారి ఎక్కినప్పుడు ట్యాంకు మూత పక్కన డబ్బా ఒకటి బోర్లించి ఉంది. చేతిలో గుడ్ల గిన్నె, కాలికి అడ్డం తగిలింది. క్లెమ్ ఆరబెట్టి ఉంటాడనుకుని తీసి లోపల పెట్టేశాను.

శుక్రవారం తెల్లవారుతుండగా బయల్దేరాం. పదిహేను గంటల ప్రయాణం. సముద్రం నెమ్మదించి ఉంది, పెద్ద ఓడలు పోయే దారి దాటేటప్పుడు తప్ప మాకు పని లేదు. వంతులేసుకుని చుక్కాని పట్టాం. మధ్యాహ్నం గుడ్డు తింటూ క్లెమ్ అడిగాడు.

"వాడితో ముందేమనాలి?"

"బాగున్నావా అను."

"అది కాదు."

"పదకొండేళ్ళు ఆలోచించుకోలేదా?"

"ఆలోచించా. ఏదనుకున్నా రిపోర్టులా తయారవుతోంది."

అతని చెయ్యి మీద చెయ్యి వేశాను. గుడ్డు పొట్టు అంటుకుంది.

సాయంత్రం ఏడున్నరకి, ఎండ ఇంకా చురుక్కుమంటుండగా, నివ్‌పోర్ట్ రేవులోకి తిరిగాం. వచ్చిపోయే పడవలు కట్టుకునే చెక్కల గట్టు చివర లయొనెల్ నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. జూలై ఎండలో మెడకి మఫ్లరు. పక్కన లీవ అతని మోచెయ్యి పట్టుకుని ఉంది. రేవు మొగలోంచే ఇంజను చప్పుడు విని లేచి నిలబడ్డాడని తర్వాత చెప్పింది. క్లెమ్ తాడు విసిరాడు. లయొనెల్ ఒంటి చేత్తో అందుకుని గుంజకి మెలేశాడు, చిన్నప్పట్నుంచీ ఆ తాడు అతనే అందుకునేవాడట.

"రండి ఆఫీసరుగారూ," అన్నాడు. కంకర మీద గోనె ఈడ్చినట్టుంది ఆ గొంతు. తర్వాత నా వైపు చూశాడు. "వదినా, చిక్కిపోయావు."

"చెప్పొచ్చావులే నువ్వు," అన్నాను.

క్లెమ్ గట్టు మీదకి కాలు పెట్టబోతున్నాడు. అప్పుడే ఒడ్డు మీంచి ఇద్దరు దిగి వచ్చారు, జడేసుకున్న ఓ అమ్మాయీ, సంచీ మోస్తున్న ఓ లావుపాటి మనిషీ. కస్టమ్స్ చొక్కాలు. ఆ అమ్మాయి మా భాషలోనే మర్యాదగా పలకరించింది.

"ట్యాంకులో రంగు కలిపిన ఇంధనం ఏమైనా ఉందా సార్?"

"లేదు," అన్నాడు క్లెమ్. మా పెళ్ళినాడు కూడా అంత నిటారుగా నిలబడలేదు. "ఆరుసార్లు కడిగాం. రండి, చూసుకోండి." తనే మూత తీసిచ్చాడు. లయొనెల్ గట్టు మీద చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

ఆ అమ్మాయి గొట్టం దించి, తోడి, చిన్న గాజు సీసాలో పట్టింది. పట్టిన సీసా వంక చూసి, తన పక్క మనిషికి చూపించింది.

"నేను చూడొచ్చా?" అన్నాడు క్లెమ్.

ఆమె ఇచ్చింది. పడమటి వెలుగుకెత్తి పట్టాడు. గులాబి. పడవలో నేనున్న చోటికే కనబడింది. మా మూడో సీసా రంగు.

"నూటికి పది, పన్నెండు పాళ్ళు ఉంటుంది," అన్నాడు క్లెమ్ మెల్లగా. ఆ అమ్మాయి ఆశ్చర్యంగా చూసింది.

నేను అప్పటికే మాట్లాడేస్తున్నాను. సీసాలు, తేదీలు, బంకు రసీదులు, నా మోచేతుల మీద ఇంకా పోని పుళ్ళు, అన్నీ. బుధవారం దాకా తెలుపేనమ్మా, ఇదిగో సంతకం అని చెక్క మీద చూపించబోయాను. చూపిస్తుంటే ఆ చెక్క మీద, మూత పక్కన, గుండ్రంగా డబ్బా అంచు ముద్ర కనిపించింది.

"డబ్బా," అన్నాను. "క్లెమ్, గురువారం డబ్బా బోర్లించి ఉంది. నువ్వు పెట్టావా?"

"నేనెందుకు పెడతాను?"

"పెర్స్. పెర్స్ తిరిగి పోసేశాడు."

"పెర్స్ ఎవరండీ?" అంది ఆ అమ్మాయి.

"మా పక్క పడవాయన. మేలో ఒక డబ్బా అరువు తీసుకున్నాడు. తిరిగి పోసేశాడు. ఎర్రది. నేను డబ్బా చూశాను, చూసి కూడా లోపల పెట్టేశాను, తప్పు నాది."

ఆమె విసుక్కోలేదు, అలిసిపోయినట్టు నవ్వింది. "మేడమ్, నేను గొట్టం పెట్టిన ప్రతి పడవకీ పక్కన ఓ మంచాయన ఉంటాడు."

గట్టు మీంచి లయొనెల్ నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గుతూ వంగిపోయాడు, లీవ వీపు రాస్తూ నిలబడింది. ఇంకెవరూ నవ్వలేదు. క్లెమ్ తమ్ముడి వైపు చూస్తున్నాడు. దగ్గు ఆగేదాకా అలాగే చూశాడు. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"జరిమానా రాయండి, కడతాను. ఆవిడ చెప్పింది మీరు నమ్మక్కర్లేదు. కానీ మీ కాగితంలో సంజాయిషీ అని ఓ గడి ఉంటుంది కదా."

"ఉంటుంది."

"అందులో ఆవిడ అన్నది అన్నట్టు రాయండి. మేలో అరువు, డబ్బా బోర్లించడం, పెర్స్ పేరు. అన్నీ."

"దానివల్ల ఏమీ మారదు సార్."

"తెలుసు. రాయండి."

ఆమె గట్టు మీద కూర్చుని మోకాలి మీద పెట్టుకుని రాసింది. పెర్స్ పేరులో ప్రతి అక్షరం క్లెమ్ విడివిడిగా చెప్పాడు. రాయడం అయ్యాక పైకి చదవమన్నాడు. చదివింది. ఒకచోట ఖాళీ డబ్బా అన్న మాట వదిలేస్తే చేర్పించాడు. సంతకం పెట్టాడు. ట్యాంకు తోడి ఖాళీ చేశాకే ఇంజను వెయ్యాలని చెప్పి వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు.

క్లెమ్ గట్టు మీదకి దిగాడు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడ్డారు, ఒకరి వైపొకరు కాదు, పడవ వైపు చూస్తూ.

"టారంట్ డబ్బా ఎక్కడ పెట్టి వెళ్ళాడు?" అన్నాడు క్లెమ్.

లయొనెల్ మఫ్లరు సర్దుకున్నాడు.

"వ్యాను వెనక," అన్నాడు. "మంచులో. బోర్లించి."

క్లెమ్ తలాడించాడు. "ఆ రోజు అడగాల్సింది."

"అవును. అడగాల్సింది."

"అడగలేదు. నువ్వు చెప్పింది రాయను కూడా లేదు. ఏమీ చెప్పలేదని రాశా."

"తెలుసు. కోర్టులో చదివారు." కాస్త ఆగి ఊపిరి తీసుకున్నాడు. "పొద్దున్నే చూశా ఆ డబ్బాని. ఆగి ఆలోచిస్తే తెలిసేది. వదిన ఫోను మీద ఫోను, పిల్లల కూడు చల్లారిపోతోందని. కాలితో పక్కకి తోసి బండెక్కేశా."

ఆ ఫోన్లు నాకు గుర్తున్నాయి. మూడుసార్లు చేశాను, మూడోసారి కేకలు కూడా వేశాను. అతను నన్ను నిందించడానికి చెప్పలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అయినా నాకు కన్నీళ్ళు ఆగలేదు.

"నిన్న నేనూ అదే చేశాను," అన్నాను. "చేతిలో గుడ్లున్నాయి."

"మన ఇంటికి తిండి యావ ఎక్కువ వదినా," అన్నాడు లయొనెల్.

అతని దగ్గర మూడు రోజులున్నాయి. మూడు రోజులూ మాట్లాడాడు. ట్యాంకు తోడటానికి కంతలోంచి ఈసారి అతను దిగాడు, చిక్కిపోయాడు కదా, సులువుగా పట్టాడు. లోపల్నుంచి ఆ బొంగురు గొంతు, పైనుంచి క్లెమ్ గొంతు. లీవ కాఫీ పట్టుకొచ్చినప్పుడల్లా గొంతు దాచుకోమని బతిమాలేది. ఎవరికోసం దాచమంటావని అడిగేవాడు. ఆ మంచు రోజు కథంతా మొదట్నుంచీ చెప్పాడు, టారంట్ ఏ కోటు వేసుకున్నాడో, వ్యాను ఆపినప్పుడు క్లెమ్ తనని పేరు పెట్టి కాకుండా డ్రైవర్ అని ఎలా పిలిచాడో. క్లెమ్ ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. సోమవారం సాయంత్రానికి ఇద్దరూ ఇంజను బెల్టు గురించి పోట్లాడుకుంటున్నారు. నేను గట్టు మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతూ ఆ పోట్లాట విన్నాను. దాంతోనే నా కడుపు నిండిపోయింది.

మంగళవారం ఆపరేషను జరిగింది. బాగానే జరిగింది. మేం ఆగస్టు మొదట్లో ఇంటికొచ్చాం.

సెప్టెంబరులో క్లెమ్ తన పాత ఆఫీసుకి ఉత్తరం రాశాడు. పదకొండేళ్ళ కిందట నేను రాసిన రిపోర్టులో ఒక వాక్యం అబద్ధం, సంజాయిషీ ఇచ్చారు, నేను రాయలేదు, ఆ సంజాయిషీ ఇదీ అని, లయొనెల్ మాటల్లోనే పేజీన్నర. నకలొకటి నివ్‌పోర్ట్‌కి పంపాడు. ఆఫీసు నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది, గడువు దాటింది కాబట్టి ఆ ఫైలు ఎప్పుడో తీసేశారని. నివ్‌పోర్ట్ నుంచి నకలు తిరిగొచ్చింది. పక్కన ఖాళీలో కోడిగీతలతో ఇలా ఉంది: "డబ్బా ఆకుపచ్చది. అదీ రాయి." క్లెమ్ బల్ల ముందు కూర్చుని ఉత్తరమంతా మొదట్నుంచీ తిరగరాశాడు. లేని ఫైలుకి ఉత్తరమెందుకని నేను అడగలేదు. స్టాంపు అంటించి ఇచ్చాను.

ఆ ఉత్తరం పోస్టులో వేసి రేవు వెంట నడిచి వస్తుంటే పెర్స్ తన పడవలో పీతల బుట్టలు సర్దుతూ కనిపించాడు. మమ్మల్ని చూసి నడుం పట్టుకుని నిటారయ్యాడు.

"ఏం క్లెమూ, బెల్జియం వెళ్ళొచ్చారంటగా?"

"వెళ్ళొచ్చాం."

పెర్స్ బుట్ట వైపు చూస్తూ, పెద్ద విషయం కాదన్నట్టు అడిగాడు. "వెళ్ళే ముందు డబ్బా చూసుకున్నారుగా?"

నేను క్లెమ్ మొహం వంక చూశాను. ముప్ఫై ఏళ్ళలో ఎవరి ట్యాంకునీ వదలని మనిషి.

"చూశాం పెర్స్," అన్నాడు క్లెమ్. "అక్కడికెళ్ళాక బాగా పనికొచ్చింది."